ప్రొజెక్టరు కొనాలా? ముందు హాలులో లైటు ఆపి చూడండి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం పక్క వీధుల్లోనైనా టీవీల దుకాణంలోకి వెళితే తెరలు వరుసగా వెలుగుతూ ఉంటాయి. ఏది బాగుందో నిలబడి చూసి తేల్చుకోవచ్చు. ప్రొజెక్టరుకు ఆ అవకాశం తక్కువ. దాన్ని వెలిగించి చూపించాలంటే చీకటి గది కావాలి. అద్దాల తలుపులున్న దుకాణంలో చీకటి ఎక్కడిది? అందుకే మన వైపు చాలామంది ఫోనులో ప్రకటన చూసి కొనేస్తున్నారు. ఆ ప్రకటనల్లో ఏడు వేల రూపాయల డబ్బా పట్టపగలు గోడ నిండా పులిని చూపిస్తుంది. ఆ పులి ప్రొజెక్టరులో నుంచి రాలేదు, కంప్యూటర్‌లో అతికించారు.

ధరలేమో ఆరు వేల దగ్గర మొదలై నాలుగు లక్షలు దాటిపోతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి అంతకు ముందు రాసిన ధరల జాబితాలు ఇప్పుడు పనికిరావు. ఇక్కడ నేను చెప్పేవి సుమారు ధరలే. పండుగ అమ్మకాల్లో ఇంకా కిందికి వస్తాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రొజెక్టరును మీ జేబు కంటే ముందు మీ గది ఎంచుకోవాలి. ఆ గది ఎంత మంచి బొమ్మను చూపించగలదో అంతవరకే ఖర్చు పెట్టండి. అంతకు మించి పెట్టిన డబ్బు మీ కంటికి కనిపించదు.

## మొదటి ప్రశ్న: చీకటి ఎంత?

ప్రొజెక్టరు వెలుతురును వేయగలదు, నలుపును వేయలేదు. బొమ్మలో నల్లగా ఉండాల్సిన చోట అది ఏమీ వేయకుండా ఊరుకుంటుంది, అంతే. అప్పుడు అక్కడ కనిపించేది మీ గోడ రంగే. గదిలో ట్యూబులైటు వెలుగుతుంటే తెల్లగోడ తెల్లగానే ఉంటుంది కాబట్టి కథానాయకుడి జుట్టు కూడా బూడిద రంగులో కనిపిస్తుంది. టీవీకి ఈ బాధ లేదు. ఆపేసినా దాని అద్దం నల్లగానే ఉంటుంది.

లెక్క వేస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ప్రొజెక్టరు వెదజల్లే మొత్తం వెలుగును ల్యూమెన్లలో, అందులో గోడ మీద చదరపు మీటరుకు పడేదాన్ని లక్స్‌లో కొలుస్తారు. ట్యూబులైటు వెలిగిన హాలులో గోడ మీద సుమారు 100 లక్స్ వెలుతురు పడుతుందనుకోండి. 200 ల్యూమెన్ల ప్రొజెక్టరు 100 అంగుళాల బొమ్మ వేస్తే గోడకు చేరేది దాదాపు 70 లక్స్. అంటే బొమ్మ కంటే ట్యూబులైటే ఎక్కువ. తెల్లటి చోటుకు, నల్లటి చోటుకు మధ్య తేడా రెండింతలు కూడా ఉండదు. 3,400 ల్యూమెన్ల ప్రొజెక్టరైతే అదే గోడ మీద సుమారు 1,200 లక్స్ వేస్తుంది, తేడా పదమూడింతల దాకా వస్తుంది. క్రికెట్ చూడటానికి సరిపోతుంది కానీ రాత్రి దృశ్యాలున్న సినిమాకు చాలదు. లైటు ఆపేస్తే మాత్రం రెండింటి పరిస్థితీ మారిపోతుంది. స్విచ్ నొక్కినందుకు వచ్చే మెరుగు లక్ష రూపాయలు ఎక్కువ పెట్టినా రాదు.

మన ఇళ్లలో చీకటికి అడ్డు వచ్చేవి కిటికీల కంటే వెంటిలేటర్లు. కిటికీకి పరదా వేస్తారు, తలుపు మీద ఉన్న వెంటిలేటరును మరచిపోతారు. సాయంత్రం ఎండ సరిగ్గా అందులో నుంచే తెర మీద పడుతుంది. కొలతకు కోసిన అట్టముక్క దానికి చాలు. కిటికీలకు వెనక నల్ల పూత ఉన్న మందపాటి పరదాలు వేయాలి. రెండు కిటికీల హాలుకు ఐదారు వేలు అవుతుంది.

ఒక విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. తూర్పు అంచున ఉన్నాం కాబట్టి హైదరాబాదు కంటే సుమారు 20 నిమిషాల ముందే మనకు పొద్దు గూకుతుంది. రాత్రి ఏడున్నర మ్యాచ్‌కు ఏ కాలంలోనైనా చీకటి సిద్ధంగా ఉంటుంది. మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్ కోసమే ప్రొజెక్టరు కొంటున్నవారు ఈ వ్యాసం ఇక్కడితో ఆపి టీవీ కొనుక్కోవచ్చు.

## రెండో ప్రశ్న: గోడకు, ప్రొజెక్టరుకు మధ్య దూరం ఎంత?

ప్రతి ప్రొజెక్టరుకూ ఒక నిష్పత్తి ఉంటుంది. బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టరును పెట్టాలో అది చెబుతుంది. ఇంటి ప్రొజెక్టర్లకు సాధారణంగా 1.2 నుంచి 1.5 దాకా ఉంటుంది. కింది పట్టికలో చివరి గడి పూర్తి చీకటిలో, మామూలు తెల్ల తెర మీద సినిమా హాలు ప్రమాణమైన 48 నిట్ల (తెర నుంచి కంటికి చేరే వెలుగుకు కొలత) వెలుగు రావడానికి కావలసిన ల్యూమెన్లు.

| తెర (అంగుళాలు) | బొమ్మ వెడల్పు | నిష్పత్తి 1.2 అయితే దూరం | నిష్పత్తి 1.5 అయితే దూరం | చీకటిలో కావలసిన అసలు ల్యూమెన్లు |
|---|---|---|---|---|
| 60 | 4.4 అడుగులు | 5.2 అడుగులు | 6.5 అడుగులు | 150 |
| 80 | 5.8 అడుగులు | 7 అడుగులు | 8.7 అడుగులు | 265 |
| 100 | 7.3 అడుగులు | 8.7 అడుగులు | 10.9 అడుగులు | 415 |
| 120 | 8.7 అడుగులు | 10.5 అడుగులు | 13.1 అడుగులు | 600 |

చివరి గడిలో ఉన్నది కనీసం మాత్రమే. దీపం పాతబడేకొద్దీ వెలుగు తగ్గుతుంది, రంగులు సహజంగా కనిపించే సినిమా మోడ్‌లో పెడితే ఇంకొంత తగ్గుతుంది. కాబట్టి ఆ అంకెకు రెట్టింపు ఉన్నది చూసుకోండి.

పది అడుగుల వెడల్పున్న పాత హాలులో 1.5 నిష్పత్తి ప్రొజెక్టరు 100 అంగుళాలు ఇవ్వలేదు. ప్రొజెక్టరుకు వెనక పది అంగుళాలైనా గాలి ఆడే చోటు వదలాలి కూడా. కొనే ముందు టేపు పట్టి కొలవండి. గోడకు ఎదురుగా కాకుండా పక్కగా పెట్టి, వంకరపోయిన బొమ్మను కీస్టోన్ అనే సర్దుబాటుతో సరిచేసుకోవచ్చని అమ్మేవారు చెబుతారు. సరిచేసుకోవచ్చు, నిజమే. అయితే ఆ సర్దుబాటు బొమ్మను కుదించి చేసేది. ఎంత సరిచేస్తే అంత స్పష్టత పోతుంది. ఎదురుగా నిటారుగా పెట్టడానికే ప్రయత్నించండి.

## మూడో ప్రశ్న: పెట్టె మీద అంకెల్లో నిజమెంత?

చవక రకాల పెట్టెల మీద 9,000 ల్యూమెన్లు, 12,000 ల్యూమెన్లు అని ఉంటుంది. వాటిని చదవకుండా వదిలేయడమే మంచిది. మీరు వెతకాల్సింది ఆన్సీ ల్యూమెన్లు లేదా ఐఎస్ఓ ల్యూమెన్లు అన్న మాట. తెర మీద నిర్ణీత చోట్ల వెలుతురు కొలిచి చెప్పే పద్ధతులవి. పేరున్న కంపెనీలు కూడా ఎల్‌ఈడీ ల్యూమెన్లని మరో అంకె ఇస్తాయి. సామ్‌సంగ్ ఫ్రీస్టైల్‌నే చూడండి. ఎల్‌ఈడీ లెక్కలో 550, ఆన్సీ లెక్కలో 230. రెండూ ఆ ఒక్క పరికరం వెలుగే.

స్పష్టత దగ్గర ఇంకో మెలిక ఉంది. '4కె సపోర్ట్' అంటే 4కె వీడియోను తీసుకోగలదని అర్థం, చూపించగలదని కాదు. తీసుకుని, కుదించి, తనకున్నంతలో చూపిస్తుంది. అందుకని 'నేటివ్ రిజల్యూషన్' అన్న వరుస వెతకాలి, అంటే పరికరంలో అసలున్న చుక్కల (పిక్సెళ్ల) సంఖ్య. 854×480 (480పీ) ఉంటే వదిలేయండి. 1280×720 (720పీ) ఉంటే పిల్లల కార్టూన్లకు, 60 అంగుళాలకు సరే. 1920×1080 (1080పీ) ఉంటేనే సినిమాకు.

మరి 4కె అవసరమా? మామూలు కంటిచూపుతో లెక్క కడితే, 100 అంగుళాల 1080పీ బొమ్మలో చుక్కలు విడివిడిగా కనిపించడం సుమారు 13 అడుగుల దగ్గర ఆగిపోతుంది. అంతకంటే వెనక కూర్చుంటే 4కెకూ 1080పీకీ తేడా కనిపించదు. పది అడుగుల్లో కూర్చుంటే కొంచెం కనిపిస్తుంది. 480పీ చుక్కలు కలిసిపోవాలంటే మాత్రం 29 అడుగుల వెనక్కి జరగాలి, అంటే పక్కింటి అరుగు మీద కూర్చోవాలి.

## నాలుగోది: కరెంటు, గాలి, రిపేరు

ఈ మూడూ హైదరాబాదు వాళ్లు రాసే సలహాల్లో పెద్దగా కనిపించవు. మనకు మాత్రం ముఖ్యం.

2014 హుద్‌హుద్ విజయనగరం మీద, 2018 తిత్లీ పలాస, ఉద్దానం వైపు ఏం చేశాయో ఎవరికీ గుర్తుచేయనక్కరలేదు. అంత పెద్ద తుపాను లేకపోయినా గాలివాన వస్తే కరెంటు పోవడం, తిరిగి వచ్చేటప్పుడు వోల్టేజి ఎగిరిపడటం మామూలే. బల్బుతో పనిచేసే ప్రొజెక్టరును ఆపాక కూడా దాని ఫ్యాను కాసేపు తిరిగి బల్బును చల్లార్చాలి. ఒక్కసారిగా కరెంటు పోతే ఆ వేడి లోపలే ఉండిపోతుంది, బల్బు ఆయుష్షు తగ్గుతుంది. కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ పెడితే పద్ధతిగా ఆపడానికి సరిపడా నిమిషాలు దొరుకుతాయి. యూపీఎస్ కొనేటప్పుడు ప్రొజెక్టరు ఎన్ని వాట్లు తీసుకుంటుందో చూసి దానికి మించిన సామర్థ్యం ఉన్నది తీసుకోండి. ఇంటి ఇన్వర్టరు మీద నడుపుదామనుకుంటే అది సైన్ వేవ్ రకమై ఉండాలి. ఎల్‌ఈడీ, లేజర్ రకాలకు ఈ భయం తక్కువ.

కళింగపట్నం, బారువ, భావనపాడు, భోగాపురం వంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలి, తేమ తప్పవు. చవక ప్రొజెక్టర్లలో కటకాలూ, బొమ్మ తయారయ్యే ఎల్‌సీడీ పలకా తెరిచే ఉంటాయి, ఫ్యాను గాలి వాటి మీదుగానే పోతుంది. కొన్ని నెలలకు బొమ్మ మధ్యలో మసక చుక్కలు వస్తాయి. అవి లోపల చేరిన దుమ్ము. 'సీల్డ్ ఆప్టికల్ ఇంజిన్' అని ఉంటే ఆ భాగం మూసి ఉందని అర్థం. రోడ్డు పక్క ఇల్లయినా, తీరం ఊరయినా ఆ మాట లేని చవక రకం కొనవద్దు. ఏ రకమైనా వారాల తరబడి వాడకుండా మూలన పెట్టవద్దు. వానాకాలంలో అప్పుడప్పుడు గంటసేపు వెలిగిస్తే లోపలి తేమ ఆరుతుంది.

వేసవిలో ఇంకో సంగతి. చాలా ప్రొజెక్టర్ల మాన్యువల్‌లో పనిచేసే ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే అని ఉంటుంది. మే నెలలో పై అంతస్తు స్లాబు కింద గది రాత్రి కూడా దానికి దగ్గరలోనే ఉంటుంది. ఏసీ లేని గదిలో ప్రొజెక్టరును కప్పుకు ఆనించి బిగిస్తే అక్కడ చేరే వేడి ఇంకా ఎక్కువ. కప్పు నుంచి అడుగు కిందికి దించి బిగించమనండి.

రిపేరు విషయం అడగకుండా డబ్బు కట్టవద్దు. ప్రొజెక్టరు విప్పేవారు మన జిల్లా కేంద్రాల్లో అరుదు. కంపెనీ సేవా కేంద్రం విశాఖపట్నంలో ఉంటే విజయనగరం నుంచి గంటన్నర, శ్రీకాకుళం నుంచి రెండు రెండున్నర గంటల ప్రయాణంతో పని అవుతుంది. హైదరాబాదులోనో ముంబైలోనో ఉంటే పెట్టె కట్టి పంపాలి. అసలు పెట్టె, లోపలి థర్మాకోల్ వారంటీ అయ్యేదాకా అటక మీద దాచండి.

## ఇక ధరల వారీగా

### ఆరు నుంచి పది వేలు

గొట్టంలా గుండ్రంగా, చేతిలో పట్టేంత ఉంటాయి. ఫోనులో అందరికీ కనిపించేవి ఇవే. ఎక్కువగా 720పీ, అసలు వెలుగు 100–200 ల్యూమెన్ల మధ్య. పడకగదిలో లైటు ఆపి, 50–60 అంగుళాల బొమ్మ వేసుకుంటే పిల్లలు సంబరపడతారు. అంతవరకు డబ్బుకు న్యాయమే. 100 అంగుళాలకు సాగదీస్తే బొమ్మ వెలవెలబోతుంది, మూలల్లో అక్షరాలు మసకబారతాయి. తెలుగు ఉపశీర్షికలు పెట్టి చూసే ఇంట్లో ఇది పెద్ద ఇబ్బంది.

వీటిలో ఉండే ఆండ్రాయిడ్ చాలావరకు అధికారికమైనది కాదు. నెట్‌ఫ్లిక్స్ వంటి యాప్‌లు తెరుచుకోవు, లేదా మసకగా ఆడతాయి. ఫోను నుంచి మిర్రర్ చేస్తే చాలా ఓటీటీ యాప్‌ల తెర నల్లగా వస్తుంది, శబ్దం మాత్రం వినిపిస్తుంది. అది ప్రొజెక్టరు లోపం కాదు, కాపీ కాకుండా యాప్ వేసిన తాళం. విడిగా యాప్‌లు ఆడించే ఒక టీవీ స్టిక్ కొని హెచ్‌డీఎంఐలో పెట్టుకుంటే తీరుతుంది. దానికి మరో మూడు నాలుగు వేలు. అప్పటికి ఈ ప్రొజెక్టరు చవక కూడా కాదు.

### పన్నెండు నుంచి పాతిక వేలు

మొదటిసారి కొనేవారికి ఈ మెట్టు నాకు నచ్చుతుంది. అసలు 1080పీ, మూసిన ఆప్టికల్ ఇంజిన్, 300–500 ఆన్సీ ల్యూమెన్లు ఇక్కడ దొరుకుతాయి. పట్టికతో పోల్చండి. చీకటిలో 80 అంగుళాలకు ఇది చక్కగా సరిపోతుంది, 100కు కష్టం మీద సరిపోతుంది. దీపం ఎల్‌ఈడీ కాబట్టి బల్బు మార్చే పని లేదు. చెడిపోతే మాత్రం దీపమొక్కటే మార్చే వీలు దాదాపు ఉండదు.

వీటిలో ఒకే ఎల్‌సీడీ పలక ఉంటుంది. రంగులు పరవాలేదు, నలుపు బూడిదగా ఉంటుంది, ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. అద్దె ఇంట్లో ఉండేవారికి, బదిలీల ఉద్యోగులకు, సంక్రాంతికి బంధువులంతా చేరినప్పుడు అందరూ కలిసి చూడాలనుకునేవారికి ఇది చాలు. మేడ మీద వేయాలన్నా పోయినా బాధపడనంత ధరలో ఉన్న ఇదే నయం. మేడ మీద వేసేవారికి ఒక హెచ్చరిక. తొలకరి వాన పడిన రాత్రి ఉసిళ్లు బొమ్మ మీదికి వచ్చినట్టే కటకం మీదికీ వస్తాయి, గాలి పీల్చే కన్నాల్లో దూరతాయి. ఆ వారం ఇంట్లోనే చూడండి. డిసెంబరు, జనవరిలో మంచు పడుతుంది కాబట్టి అర్ధరాత్రి దాకా ఆరుబయట ఉంచవద్దు.

### ముప్ఫై నుంచి యాభై వేలు

ఇక్కడ నేను కొంచెం కటువుగానే ఉంటాను. ఈ డబ్బులో ఎక్కువ భాగం దానంతట అదే ఫోకస్ చేసుకోవడానికి, అందమైన ఆకారానికి, లోపలి యాప్‌లకు, బ్యాటరీకి పోతుంది. వెలుగు మాత్రం పాతిక వేల రకం కంటే పెద్దగా పెరగదు. రోజూ గది మార్చేవారికి, ప్రయాణాల్లో పట్టుకెళ్లేవారికి ఆ హంగులు పనికొస్తాయి. ఒకే హాలులో ఒకే గోడ మీద చూసే కుటుంబానికి ఫోకస్ ఒకసారి చేత్తో తిప్పితే సరిపోతుంది కదా. కిందికి దిగి పాతిక వేలు పెట్టండి, లేదా ఆరు నెలలు ఆగి పై మెట్టుకు వెళ్లండి.

### యాభై ఐదు వేల నుంచి లక్ష

చీకటి చేయగల హాలు ఉన్న కుటుంబం నిజంగా ఆలోచించాల్సిన చోటు ఇది. ఎప్సన్ ఈహెచ్-టీడబ్ల్యూ750, బెన్‌క్యూ టీహెచ్585పీ వంటివి ఈ తరగతివి. మొదటిదానికి 3,400 ల్యూమెన్లు, రెండోదానికి 3,500. రెండూ 1080పీ, రెండూ బల్బుతో నడిచేవి. పాతిక వేల రకం పక్కన పెడితే వెలుగు ఏడెనిమిది రెట్లు. 120 అంగుళాలు వేసినా, వెనక చిన్న లైటు వెలుగుతున్నా బొమ్మ నిలబడుతుంది.

ఈ రెండింటిలో ఏది అన్నది ధరతో తేలేది కాదు, లోపలి పద్ధతితో తేలుతుంది. ఎప్సన్ వాడేది 3ఎల్‌సీడీ. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు వేర్వేరు పలకలు ఉంటాయి, మూడూ ఒకేసారి తెర మీద పడతాయి. రంగుల వెలుగు తెలుపుతో సమానంగా ఉంటుంది. బెన్‌క్యూది డీఎల్‌పీ. లక్షల సంఖ్యలో సూక్ష్మమైన అద్దాలున్న ఒకే చిప్పు, దాని ముందు తిరిగే రంగుల చక్రం. రంగులు ఒకదాని వెంట ఒకటి అతి వేగంగా పడతాయి, కలిపి చూసేది మన కన్ను. కొందరి కన్ను అలా పూర్తిగా కలపదు. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు పైకి పోతున్నప్పుడు వాళ్లకు ఇంద్రధనుస్సు చారలు తళుక్కుమంటాయి, కొందరికి తలనొప్పి కూడా వస్తుంది. ఇంట్లో ఎవరికి అలా కనిపిస్తుందో ముందే చెప్పలేం కాబట్టి, డీఎల్‌పీ కొనదలిస్తే ఇంటిల్లిపాదీ ఒకసారి ఎక్కడైనా చూసి రావడం మేలు. విశాఖపట్నం వెళ్లే పని ఉన్న రోజున అది కూడా పెట్టుకోండి.

అయితే డీఎల్‌పీకి మన వైపు ఒక బలం ఉంది. దాని చిప్పు మూసి ఉంటుంది, దుమ్ము చేరడం తక్కువ. 3ఎల్‌సీడీకి గాలి వడపోత ఉంటుంది, దాన్ని క్రమం తప్పకుండా శుభ్రం చేయాలి. నెలకోసారి ఫిల్టరు తీసి దులిపే ఓపిక ఉన్న ఇల్లయితే నేను 3ఎల్‌సీడీ వైపు. ఎవరూ ముట్టుకోరని మీకే తెలిస్తే డీఎల్‌పీ. వీడియో గేములు ఆడే కొడుకో కూతురో ఉన్నా రెండోదే, ఎందుకంటే బటన్ నొక్కడానికీ బొమ్మ కదలడానికీ మధ్య ఆలస్యం అందులో చాలా తక్కువ.

బల్బు గురించి భయపెట్టేవారు ఎక్కువ. మామూలు మోడ్‌లో 4,000 గంటలు వస్తుందనుకుంటే, రోజుకు రెండు గంటల చొప్పున ఐదేళ్లకు పైగా. పొదుపు మోడ్‌లో ఇంకా ఎక్కువ. కంపెనీ చెప్పే గంటలు బల్బు మాడిపోయే సమయం కాదు, వెలుగు సగానికి పడిపోయే సమయం. కొనేటప్పుడే అసలు బల్బు ధర అడిగి రాసుకోండి. కరెంటు ఖర్చు పెద్దది కాదు. 300 వాట్ల ప్రొజెక్టరు మూడు గంటల సినిమాకు ఒక యూనిట్ లోపే తీసుకుంటుంది.

ఈ మెట్టులో దాగి ఉన్న ఖర్చులు మాత్రం లెక్కలోకి రావాలి. తెర, పరదాలు, స్టిక్, కప్పుకు బిగించే కడ్డీ, శబ్దానికి సౌండ్‌బార్, ఇవన్నీ కలిపి పాతిక ముప్ఫై వేలు అవుతుంది. 70 వేల ప్రొజెక్టరుకు లక్ష చేతిలో పెట్టుకోండి. లక్ష ప్రొజెక్టరుకే పెట్టేసి, దాని లోపలి బుల్లి స్పీకరుతో సరిపెట్టుకుంటే సినిమా సగమే చూసినట్టు. నున్నటి గచ్చు, పాలరాతి నేల, ఖాళీ గోడలున్న మన హాళ్లలో శబ్దం ప్రతిధ్వనిస్తుంది. ఒక జంపఖానా, మందపాటి పరదాలు ఆ ప్రతిధ్వనిని బాగా తగ్గిస్తాయి. స్పీకరును బ్లూటూత్‌తో కాకుండా తీగతో కలపండి, లేకపోతే పెదవులు కదిలాక మాట వినిపిస్తుంది.

### లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు

4కె ఇక్కడ మొదలవుతుంది. వీటిలో చాలావాటి చిప్పులో ఉండేవి 1920×1080 అద్దాలే. 0.47 అంగుళాల ఆ డీఎల్‌పీ చిప్పు బొమ్మను కొద్దికొద్దిగా జరుపుతూ నాలుగుసార్లు వేసి 3840×2160 చుక్కలు తెస్తుంది. మోసమేమీ కాదు, కంటికి బాగానే కనిపిస్తుంది. ఎప్సన్ కూడా తన 1080పీ పలకలతో అలాంటి జరుపుడే చేస్తుంది.

కానీ ఈ ధరలో మీరు కొనేది చుక్కలను మాత్రమే కాదు, లోతైన నలుపును, సహజమైన చర్మపు రంగును. అవి కనిపించాలంటే గది ఒప్పుకోవాలి. తెల్ల కప్పు, లేత గోడలు, మెరిసే టైల్స్ ఉన్న హాలులో తెర మీది వెలుగు గదంతా తిరిగి మళ్లీ తెర మీదికే వస్తుంది, నలుపును కడిగేస్తుంది. తెర చుట్టూ మూడు నాలుగు అడుగుల గోడ, దాని పై కప్పు ముదురు మ్యాట్ రంగు వేయడానికి ఇంట్లో ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే ఈ మెట్టుకు రండి. పూజ గది పక్కనే నల్ల గోడ ఏమిటని పెద్దలు అడ్డం పడితే 70 వేలదే కొనండి, తేడా మీకు పెద్దగా తెలియదు. వేరుగా సినిమా గది కట్టుకునేవారికి, పైన గది ఖాళీగా ఉన్నవారికి ఇది సరైన ఖర్చు.

పెట్టె మీద హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే వీడియో) అన్న ముద్ర చూసి ఎక్కువ కట్టవద్దు. మంచి టీవీ కొన్ని వందల నిట్లు ఇస్తుంటే ప్రొజెక్టరు బొమ్మ సాధారణంగా వంద చుట్టుపక్కలే ఉంటుంది. ఆ ముద్రకు తగిన మెరుపు తెర మీదికి రాదు.

### మూడు లక్షలు, ఆపైన

గోడకు జానెడు మూరెడు దూరంలో బల్ల మీద పెడితే 100 అంగుళాలు వేసే లేజర్ రకాలు. కప్పుకు బిగించే పని లేదు, మధ్యలో ఎవరు నడిచినా నీడ పడదు, దీపం 20,000 గంటలు వస్తుందని కంపెనీలు చెబుతాయి. అయితే వెలుగు కింది నుంచి ఏటవాలుగా గోడను రాసుకుంటూ పోతుంది కాబట్టి గోడ మీద చిన్న మిట్టపల్లాలన్నీ బొమ్మలో అలలుగా కనిపిస్తాయి. పై నుంచి వచ్చే వెలుతురును మింగే ప్రత్యేకమైన గట్టి తెర తప్పనిసరి, దాని ధర విడిగా చిన్న ప్రొజెక్టరు ధరంత. పాకే పిల్లలున్న ఇంట్లో కటకంలోకి తొంగి చూడకుండా కాపలా కాయాలి. అంత డబ్బు ఉండి, పగలు కూడా చూడాలని ఉంటే, దీనితో పాటు పెద్ద టీవీని కూడా ఒకసారి చూసి రండి.

## గోడ చాలదా, తెర కొనాలా?

పుట్టీ పెట్టి మ్యాట్ తెలుపు వేసిన నున్నటి గోడ పాతిక వేల రకానికి చాలు. సున్నం వేసిన గరుకు గోడ, మెరిసే ఎమల్షన్, లేత పసుపు రంగు పనికిరావు. పంచె కట్టి వేస్తే వెలుగు దాని గుండా వెనక్కి పోతుంది, పైగా ఫ్యాను గాలికి కదులుతుంది. 70 వేలు దాటితే మామూలు మ్యాట్ తెల్ల తెర కొనండి. వెనక నల్ల పూత, చుట్టూ నల్ల అంచు ఉండాలి. మోటారు తెర మీద డబ్బు పెట్టే బదులు బిగువుగా ఉండే ఫ్రేము తెర కొంటే ముడతలు రావు.

## పాత ఆఫీసు ప్రొజెక్టర్లు

కాలేజీలు, ఆఫీసులు తీసేసినవి ఐదారు వేలకు దొరుకుతాయి. వెలుగు బాగానే ఉంటుంది. కానీ చాలావరకు 1024×768 చుక్కల, ఇంచుమించు చదరపు బొమ్మవి. సినిమా వేస్తే పైనా కిందా పోగా 576 వరుసలే మిగులుతాయి. మెనూలో బల్బు ఎన్ని గంటలు వెలిగిందో చూడండి, హెచ్‌డీఎంఐ ఉందో లేదో చూడండి. వినాయక చవితి పందిరిలో వేయడానికి ఊరి కుర్రవాళ్లు కలిసి కొనాలంటే మాత్రం ఇంతకంటే మంచి బేరం లేదు.

## ఎవరికి ఏది

| మీ పరిస్థితి | నా సలహా |
|---|---|
| పగలే ఎక్కువ చూస్తారు, సీరియళ్లూ వార్తలూ ముఖ్యం | 55 లేదా 65 అంగుళాల టీవీ |
| పిల్లల కోసం, సరదాకు | పది వేల లోపు, 60 అంగుళాలు మించకుండా |
| అద్దె ఇల్లు, బదిలీలు, అప్పుడప్పుడు మేడ మీద | పన్నెండు నుంచి పాతిక వేలు, మూసిన ఇంజిన్‌తో |
| సొంత హాలు, పరదాలు వేయగలరు, వారానికి రెండు మూడు సినిమాలు | యాభై ఐదు వేల నుంచి లక్ష |
| ముదురు రంగు వేయగల వేరే గది | లక్షన్నర పైన 4కె |
| గదిని చీకటి చేయలేరు, డబ్బుకు లోటు లేదు | పెద్ద టీవీ, లేదా తగిన తెరతో దగ్గర నుంచి వేసే లేజర్ |

ఇంట్లో ఒక్క తెరే ఉండాలంటే అది టీవీయే కావాలి. ఉదయం వార్తలకు, మధ్యాహ్నం అత్తగారి సీరియల్‌కు ప్రొజెక్టరు వెలిగించి పరదాలు లాగడం ఎవరివల్లా కాదు. ఇప్పటికే టీవీ ఉన్నవారికి రెండోదిగా ప్రొజెక్టరు అందం. 100 అంగుళాల బొమ్మ వైశాల్యం 55 అంగుళాల టీవీకి మూడింతలకు పైగా ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక పదిమంది చాపలు పరచుకుని కూర్చున్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

## పెట్టె ఇంటికి వచ్చిన రోజు

విప్పుతున్నప్పుడు వీడియో తీయండి, తిరిగి పంపాల్సి వస్తే అదే ఆధారం. ఆ రాత్రే లైట్లన్నీ ఆపి పూర్తి తెల్ల బొమ్మ, పూర్తి నల్ల బొమ్మ ఒకదాని తరువాత ఒకటి వేయండి. తెల్లదానిలో మసక మచ్చలు, ఒక మూల పసుపు ఛాయ ఉన్నాయేమో చూడండి. నల్లదానిలో వెలుగుతూ నిలిచిపోయిన చుక్కలు వెతకండి. చిన్న తెలుగు అక్షరాలున్న పేజీ వేసి నాలుగు మూలలూ ఒకేసారి స్పష్టంగా వస్తున్నాయా అని చూడండి. మధ్యలో సరిచేస్తే మూలలు, మూలలు సరిచేస్తే మధ్య మసకబారుతుంటే కటకం బాగోలేదు. రెండు గంటలు ఆపకుండా నడిపి, వేడెక్కాక ఫోకస్ కదిలిందా, ఫ్యాను చప్పుడు పెరిగిందా గమనించండి. తిరిగి పంపే గడువు చాలాచోట్ల ఏడు నుంచి పది రోజులే కాబట్టి ఈ పరీక్షలన్నీ మొదటి రెండు రాత్రుల్లో ముగించండి, కప్పుకు కన్నాలు వేయించడం ఆ తరువాతే.